పడవను ఆపిన పిల్ల

మొన్న తాడేపల్లిగూడెం బస్సులో పక్కావిడ చేతిరుమాలు విప్పగానే కర్పూరం వాసన గుప్పుమంది. కరుణమ్మ గారు గుర్తొచ్చారు. ఏలూరులో నేను ఇంటర్ చదివేటప్పుడు మా హాస్టల్ వార్డెన్ ఆవిడ. సాయంత్రం ప్రార్థన అయ్యాక మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి కథలు చెప్పేవారు, అన్నీ అప్పటికప్పుడు అల్లినవే. మేం ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథా ఆగిపోయేది.

స్వైన్ ఫ్లూ భయం పట్టుకున్న ఏడాది అది. అమ్మాయిలందరూ రుమాళ్లలో కర్పూరం కట్టుకుని తిరిగేవాళ్లు. కొల్లేరు లంకలో ఉన్న మా ఊరు వెళ్లొచ్చిన మర్నాడే నాకు జ్వరం తగులుకుంది. డాక్టరు చూసి, తగ్గేదాకా విడిగా ఉంచమన్నారు. వరండా చివరి గదిలో పడుకోబెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ నా కంచంలో తిని, నా మంచం మీద దొర్లిన విజయ ఉంది చూశారూ, అది కిటికీ అవతల నిలబడి "దీన్ని ఇంటికి పంపించేయండి మేడమ్ గారూ" అనడం చెవులారా విన్నాను. జ్వరం కంటే ఎక్కువగా ఒళ్లు మండిపోయింది. లేచాక దాని మొహం చూస్తే ఒట్టు అనుకున్నాను.

ఆ సాయంత్రం కరుణమ్మ గారు అమ్మాయిలను దూరంగా కూర్చోబెట్టి, తాను నా కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నారు. "ఇవాళ ఊఁ కొట్టేది సుజాత ఒక్కతే" అన్నారు. కథలో జ్వరం వచ్చిన పిల్ల ఒకతె పడవలో సొంతూరికి వస్తోంది. ఒడ్డున జనం కర్రలు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. నేను గట్టిగా ఊఁ కొట్టాను. పడవలో ఉన్నది నేనే కదా మరి! అందరికంటే ముందు నిలబడింది ఆ పిల్ల స్నేహితురాలేనట. అక్కడ ఆపి, "ఎందుకు అడ్డుపడిందే సుజాతా?" అని నన్నడిగారు.

"పొగరండీ."

"పొగరంటే కథ కదలదమ్మా. పడవలోంచి ఏం కనపడుతుంది? ఒడ్డెక్కి, ఆ స్నేహితురాలి ఇంట్లోకి వెళ్లి చూసిరా."

కళ్లు మూసుకున్నాను. నాకు తోచిన ఇల్లు ఒకటే, దెందులూరులో విజయ వాళ్లది. శనివారం వచ్చిందంటే అది పరిగెత్తుకెళ్లే ఇల్లు. "తమ్ముడున్నాడండీ" అన్నాను చివరికి. "ఉబ్బసం వాడికి. మామూలు జలుబుకే ఊపిరాడదు."

బయట ఎవరో వెక్కారు. ఎవరో చెప్పాలా!

కరుణమ్మ గారు ఓదార్చలేదు. "మరి పడవని రానిస్తుందా విజయా?" అన్నారంతే.

"రానివ్వదండీ" అంది విజయ ఏడుస్తూనే. "కానీ ఇంటికీ పోదండీ. తగ్గేదాకా ఒడ్డునే కూచుంటుంది."

అలాగే కూర్చుంది. ఆ శనివారం ఇంటికి వెళ్లలేదు. మామూలు జ్వరమేనని తేలేవరకూ రోజూ వరండా మెట్ల మీద, అంత దూరాన కూర్చుని, కాలేజీ కబుర్లన్నీ అరిచి అరిచి చెప్పేది. నేను లోపలినుంచి తిడుతూనే వినేదాన్ని. అది ఒక పూట ఆలస్యంగా వస్తే నాకు ప్రాణం విలవిల్లాడేది.

కరుణమ్మ గారు ఇప్పుడు లేరు. నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరైనా మొహాన తలుపు వేస్తే ముందు నోటికొచ్చింది అనేస్తాను. ఆ తర్వాత, ఆ తలుపు వెనక ఊపిరాడని వాళ్లెవరున్నారోనని మనసు లోపలికి వెళ్లి చూసొస్తుంది. చాలాసార్లు ఎవరో ఒకరు ఉంటారు.