ఆల్‌మోస్ట్ ఔట్!

మైకు చేతికొస్తే చాందికి ఆకలి కూడా గుర్తుండేది కాదు. పాల్వంచ అవతల, అడవి అంచు తండాలో పుట్టిన పిల్ల. మేకల వెంట తిరుగుతూ ట్రాన్సిస్టర్‌లో ఇంగ్లీషు కామెంటరీ వినేది. ఆ దూకుడుకి మురిసిపోయి, తెలియని మాటలకు తనే అర్థాలు కట్టుకునేది. ఇంటర్‌కొచ్చేసరికి చుట్టుపక్కల కబడ్డీ పోటీలన్నిటికీ తెలుగులో ఆమెదే గొంతు.

ఎనభై ఏడులో భద్రాచలంలో ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టారు. కేరళ నుంచీ జట్టు వస్తోంది, ఇంగ్లీషులో చెప్పేదెవరని కమిటీవాళ్లు తల పట్టుకున్నారు.

"నేను చెప్త!" అంది చాంది.

ఫైనల్ ఖమ్మం జట్టుకీ కేరళకీ పడింది. జనం ఇసుకేస్తే రాలడం లేదు. కూతకొచ్చిన కేరళ పిల్లని ఖమ్మం అమ్మాయిలు నలుగురు కలిసి నేలకి అదిమేశారు. కూత తెగింది. అంపైర్ ఈల ఊదాడు. చాంది ఎగిరి గంతేసి, "షి ఈజ్ ఆల్‌మోస్ట్ ఔట్! ఆల్‌మోస్ట్ ఔట్!" అని మైకు పగిలేలా అరిచింది.

అంతే, కేరళ కోచ్ బరిలోకి దూసుకొచ్చింది. ఔట్ కాలేదని మీ మైకే చెబుతోంది కదా అని అంపైర్‌తో గొడవ. ఆట ఆగిపోయింది.

చాందికి ఏమీ అర్థం కాలేదు. పక్కనే ఉన్న ఇంగ్లీషు మాస్టారు చెంచురామయ్య నవ్వు ఆపుకుంటూ, "ఆ మాటకి అర్థం ఏమనుకున్నావమ్మా?" అన్నారు.

"ఆల్ అంటే మొత్తం, మోస్ట్ అంటే ఇంకా ఎక్కువ. రెండు కలిస్తే పూరాగ ఔటైనట్టే గద సార్?"

"కాదమ్మా! అయ్యేదాకా వచ్చి ఆగిందని. ఇంకొంచెమే మిగిలి ఉన్నప్పుడు అనాలి. అయిపోయాక అనకూడదు."

చాంది కళ్లు మెరిశాయి. "అబ్బ! గట్లయితే మస్తు పనికొస్తది సార్!" అని మైకందుకుంది. "సారీ మేడమ్! నాట్ ఆల్‌మోస్ట్. ఔట్!"

కోచ్‌కీ నవ్వొచ్చింది. ఆట మొదలైంది.

ఆఖరి కూత. స్కోరు సమానం. ఖమ్మం పిల్ల జమ్లి ఒకరిని తాకి తిరిగేలోపు ముగ్గురు ఆమె కాళ్లు పట్టేశారు. జమ్లి పడింది. కూత వదలకుండా పాకుతోంది. చెయ్యి చాచింది. మధ్యగీత బెత్తెడు దూరం.

"జమ్లి ఈజ్ నియర్లీ దేర్... ఆల్‌మోస్ట్... ఆల్‌మోస్ట్..."

ఇంగ్లీషు ముక్క రానివాళ్లు కూడా ఊపిరి బిగబట్టారు. జమ్లి వేలి కొన గీతకి తగిలింది.

"షి ఈజ్ దేర్! షి ఈజ్ దేర్!"

జనం బరిలోకి విరుచుకుపడ్డారు. చాంది మైకు వైరు ఈడ్చుకుంటూనే పరిగెత్తి జమ్లిని ఎత్తేసుకుంది.

ఆ వారమే నేలకొండపల్లి వాళ్లు పిలిచారు, తర్వాత మధిర, సత్తుపల్లి. బస్సు దొరక్కపోతే లారీ ఎక్కేది. "ఏంది బిడ్డా, గింత ఉరుకులాట!" అని తల్లి సోమ్లి కసిరేది. కసురుతూనే, కూతురు తొందరలో మరిచిపోయిన రొట్టెల మూట పట్టుకుని రోడ్డుదాకా తనూ ఉరికేది.