ఇండెక్స్‌లు కలిపి చూపులు తారుమారు చేసిన
వనపర్తిల ఇద్దరి చూపును ఒక్కపారే చెడగొట్టిన మొనగాణ్ణి నేను. కారంపొడితోని కాదు, కంప్యూటర్‌తోని. మీరు నవ్వుకోండ్రి, నాకైతే అప్పుడు చెమటలు కారినయి.

కొత్తగ కంప్యూటర్ కోర్సు చేసి, సుజాతక్క కండ్లద్దాల దుకాణంల పనికి కుదిరిన. ఆమెది పాతకాలపు డేటాబేస్. గిరాకి నంబర్ కొడితే వాళ్ల పవర్ వస్తది. అట్ల వెతికేటందుకు రెండు ఇండెక్స్ ఫైళ్లు: ఒకటి గిరాకి నంబర్‌ది, ఇంకోటి బిల్లు నంబర్‌ది. పుస్తకం ఎనక ఏ మాట ఏ పేజీల ఉన్నదో వేస్తరు చూడండ్రి, గట్లాంటివి.

"అక్కా, రెండెందుకు? ఒక్క ఫైల్ల కలిపేస్త" అన్న.

"నడిచే బండికి చక్రాలెందుకు ఇప్పుతవ్?"

"జర నమ్మక్కా."

కలిపిన. పాతవి తీసిపారేసిన. ప్రోగ్రాం ఏమో మొదటున్నదే గిరాకి నంబర్ అనుకుంటది. నేను బిల్లు నంబర్‌ను మొదట పెట్టిన. ఇగ గిరాకి నంబర్ కొడితే, అదే నంబర్ బిల్లున్న ఇంకెవరి పవరో వస్తది, అద్దాలు గా పవర్‌తోనే తయారైతయి. నాకు చెలగాటం, గిరాకికి కండ్ల సంకటం.

వారం తిరగకముందే బిజినేపల్లి నుంచి నర్సింలు తాత కొత్తద్దాలు పెట్టుకొనే వచ్చిండు. గడప మోకాలెత్తు ఉన్నట్టు కాలెత్తి లోపలికొచ్చి, "సుజాతమ్మా, బాగున్నవా" అని గోడమీది బొమ్మను పలకరించిండు.

"తాతా, నేను గిటున్న" అన్నది అక్క.

"గట్లనా. పొద్దుగాల గొర్రె అనుకొని కుక్క చెవు పట్టుకున్న బిడ్డా. కరవలేదు, దానికీ నవ్వొచ్చినట్టుంది."

అక్క డాక్టర్ చీటీ తెరిచి చూసి నా దిక్కు తిరిగింది. "ఇది తాత పవర్ కాదు. ఏం చేసినవ్?"

"ఇండెక్స్‌ల వరుస మారిందక్కా."

"వరుస మారితే అన్న బావైతడు. ఎంతమందికి చేసినవ్ గీ సంబంధం?"

వరుస సరిచేసి, చీటీలన్నీ పోల్చి చూస్తే, తాత కాకుండ ఇంకొక్కామె తేలింది, గద్వాల పద్మమ్మ. సరైన అద్దాలు చేయించి, బస్సెక్కి నేనే పట్టుకపోయిన.

"తప్పు నాదే అమ్మా, ఇవి మీయి" అన్న.

పద్మమ్మ భర్త నా చెయ్యి పట్టుకున్నడు. "జల్ది పెట్టు నాయనా. పరేషాన్ అయిన. కనవడక చాయల చక్కెరకు బదులు ఉప్పేస్తుంది. రోజూ తాగుతున్న."

పద్మమ్మ అద్దాలు పెట్టుకొని, నా చెవిల మెల్లగ అన్నది: "ఉప్పు డబ్బ నాకు మంచిగనే కనవడ్డది. పేరు నీ అద్దాల మీదికి పోతదని వేసిన. ఇంకో వారం ఆగి రాకపోయినవా?"

తిరుగు బస్సు కృష్ణ దాటుతుంటే లేచి నిలవడి, నదికి దండం పెట్టి ఒట్టేసిన: తల్లీ, ఇగ జన్మల వరుస అడగంది ఏ ఇండెక్స్‌నూ ఇంకోదానితోని ముడెయ్య.