చుట్లబాటలో ఘాట్ డ్రైవరు

ఢిల్లీబాబన్నను కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టగల మనిషి మా కాలనీలో ఇంతవరకూ లేడు. ముప్పై ఏళ్ళకు పైగా కొండ మీదికి బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ రోజు నుంచీ ఆయన కాళ్ళకు పని లేదు, ఊరికే ఉండడం వాటికి చేతకాదు. పొద్దున్నే అలిపిరి దాకా పోయి, ఎక్కే బస్సుల్ని చూసి వస్తాడు. కాఫీ తాగి మళ్ళీ పోతాడు. టీవీ ముందు కూర్చుంటే కుడిపాదం నేలను నొక్కుతూనే ఉంటుంది. ఆటోలో వెనక సీట్లో ఉన్నా అంతే, డ్రైవరు వెయ్యని బ్రేకులన్నీ ఈయన వేస్తాడు.

"నిద్దర్లో మంచం కోడును తంతాడు మే. ఆయనకు కలలో గూడా మలుపులే" అంటుంది ఆయన భార్య శకుంతలమ్మక్క. నవ్వుతూనే అంటుంది గానీ ఆ నవ్వులో విసుగే ఎక్కువ.

అలాంటి మనిషిని ధ్యానానికి తీసుకురావాలన్న ఆలోచన ఆమెదే. నేను వద్దనే చెప్పాను.

మా కాలనీ చివర, కొండ మొదట్లో, ఇల్లు కట్టడానికి పనికిరాని రాళ్ళ నేల ఒకటి ఉంది. అక్కడ మేం ఆడవాళ్ళం కలిసి చుట్లబాట వేశాం. ఎలా వెయ్యాలో లోహిత చెప్పింది. ఆ పిల్ల నడుం నొప్పులకీ మోకాళ్ళకీ వ్యాయామం నేర్పుతుంది. ముగ్గుకు పెట్టినట్టే ముందు చుక్కలు పెట్టి, సున్నంతో గీతలు గీసి, గీతల మీద రాళ్ళు పేర్చాం. అందులో ఒకటే దారి. చీలికలు ఉండవు, తప్పిపోయే భయం లేదు. బయట మొదలై చుట్లు చుట్లుగా తిరిగి నడిమధ్య ఉన్న బండ దగ్గరికి చేరుతుంది. అక్కడ కాసేపు నిలబడి మళ్ళీ అదే దారిన బయటికి రావాలి. అదే మా ధ్యానం.

కాలం మారినప్పుడల్లా ఒక ఆదివారం పొద్దున అందరం చేరతాం. చలి విడిచేటప్పుడు, తొలివానలు పడ్డాక, మళ్ళీ కార్తీకంలో. చెప్పులు బయట విడిచి, ఫోన్లు సంచిలో పడేసి, నోరు మూసుకుని మెల్లగా నడవాలి. ఎవరైనా ఎదురుపడితే ఇద్దరూ పక్కకు తిరిగి, ఒకరినొకరు రాసుకుంటూ దాటుకోవాలి. బాట అంత సన్నం.

చలి విడిచే నడకకు మొదటిసారి వచ్చాడు ఢిల్లీబాబన్న. మేమంతా అడుగులో అడుగు వేస్తుంటే ఆయన ట్రిప్పు ఆలస్యమైనట్టు పరిగెత్తుతున్నాడు. నేను నడుమదాకా పోయి తిరిగి వస్తూ ఆయనకు ఎదురుపడ్డాను. అంతే, అక్కడే పాదం నొక్కి నిలబడిపోయాడు.

"ఏమమ్మా, ఎదురొస్తా ఉండావే! ఇది వన్‌వే గదా!"

అంత నిశ్శబ్దంలో ఆ కేక. నా వెనకే వస్తున్న పక్కింటి అక్కమ్మకు ఆపుకోలేని నవ్వొచ్చి చెంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పేమీ లేదనిపించింది. కొండకు ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. అన్నేళ్ళ సర్వీసులో మలుపు తిరగ్గానే ఎదురుగా ఇంకో ముఖం కనిపించడం ఆయనకు అలవాటు లేదు.

మర్నాడు గడ్డపార తీసుకుని వచ్చాడు. నడుమ నుంచి నేరుగా బయటికి రాళ్ళు పీకి, దిగేవాళ్ళకు వేరే దారి వేస్తాడట! లోహిత అడ్డం పోయి నిలబడింది.

"పెదనాయనా, రెండు దార్లు పెడితే ఇంక చుట్లబాట యాడుంటాది?"

"ఎదురెదురుగా వొదిలితే గుద్దుకోరా?"

"గుద్దుకోరు. ఆగతారు. ఆగడం కోసమే గదా ఇది."

"బ్రేకు మీద బతికినోణ్ణి, నాకు ఆగడం నేర్పిస్తావా నువ్వు?" అని సణుగుతూ పీకిన రాళ్ళను పీకిన చోటే పెట్టిపోయాడు. ఇంక రాడనుకున్నాం.

ఆయన అసలు సమస్య చుట్లబాట కాదు. ఆయన కూతురు ధరణి.

ధరణికి బండి నేర్పింది ఆయనే. భాకరాపేట ఘాట్‌లో పాత జీపు ఇచ్చి, పక్కన కూర్చుని నేర్పాడు. అక్కడ ఒకే రోడ్డు మీద రెండు వైపుల నుంచీ బండ్లు వస్తాయి. "ఎక్కే బండికి దిగే బండి దారియ్యాల" అని ఎక్కం చెప్పించినట్టు చెప్పించేవాడు. ఆ పిల్ల స్కూలు వ్యాను నడుపుతూనే పెద్ద బండ్ల లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు కొండ బస్సుకే పిలుపొచ్చింది. ఒక సోమవారం పొద్దున ఖాళీ బస్సును పైకి తీసుకెళ్ళి కిందికి తెచ్చి చూపిస్తే ఉద్యోగం వచ్చినట్టే.

అక్కడే ఆ పిల్ల ఒక ముడి వేసింది. "నాయనా, నువ్వు పో అంటేనే పోతా. ఇంట్లో మనసు బాగలేకుండా ఆ సీట్లో కూసోగూడదని నువ్వే గదా సెప్పినావు."

ఆయన పో అనలేదు. వద్దనీ అనలేదు. ఆమె నోరు తెరిస్తే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని బయటపడతాడు. ఎండ మండుతున్నా వీధులు పట్టుకుని తిరుగుతాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ అన్నం ముందర కూర్చుని ఎదురుచూస్తుంటారు.

ఒకరోజు మా గేటు దగ్గర ఆపి అడిగేశాను. "ఆడపిల్ల బస్సు తోలడమేందనా నీ బాధ?"

"ఛ! ఆడా మగా ఏందమ్మా, అది నాకన్నా బాగా తోలతాది." గేటు ఊచలు పట్టుకుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నాడు. "బస్సు నిండా జనం ఉంటారు. గోవిందా అని కండ్లు మూసుకుంటారు వాళ్ళు. మనం మూసుకునేదానికి లేదు. మలుపు మలుపుకీ గుండెకాయ నోట్లోకొస్తాది. ఇంటికొచ్చి అన్నం తింటా ఉన్నా ఇంకా దిగతానే ఉంటాం. ఆ భయం నాతోనే పోనీ. దానికెందుకమ్మా?"

"అట్టాంటప్పుడు నేర్పిందెందుకు?" అన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ కోపం వచ్చింది. ఆయన గేటు వదిలేసి నడిచిపోయాడు. ఆ సాయంత్రమంతా నాకూ కుదురు లేదు.

తొలివానల నడక సరిగ్గా ఆ సోమవారానికి ముందురోజు వచ్చింది. రాళ్ళు తడిసి నల్లగా ఉన్నాయి, కొండ సగం మబ్బులో ఉంది. శకుంతలమ్మక్క మొగుణ్ణి ఎలా ఒప్పించిందో గానీ లాక్కొచ్చింది. ఈసారి అందరికన్నా ముందు దూరాడు. ఆయన వెనక నేను, నా వెనక అక్కమ్మ.

నడుమ బండ దగ్గర నిలబడలేకపోయాడు. అక్కడి నుంచి చూస్తే ఘాట్ రోడ్డు కనిపిస్తుంది. ఒక బస్సు మబ్బులోకి దూరి పోయింది. అది మళ్ళీ కనిపించేదాకా ఊపిరి బిగబట్టి చూసి, కనిపించగానే గిరుక్కున తిరిగి బయటికి బయల్దేరాడు. ఆయన వెనకే మేమిద్దరమూ కదిలాం.

అప్పటికి ధరణి వచ్చి బాటలోకి దిగింది. ఒక ఇరుకు మలుపులో తండ్రీ కూతుళ్ళు ఎదురుపడ్డారు.

ఆమె పక్కకు తిరగాలి. తిరగలేదు. అడగనూ లేదు, మాట్లాడకూడదు కదా. ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది, కళ్ళల్లో నీళ్ళు. తువ్వాలు వేసుకుని బయటపడదామంటే ఆయనకు దారి లేదు. ముందర కూతురు, వెనక నేను, రెండు పక్కలా రాళ్ళు. ఆయన కుడిపాదం బురదలో దిగబడిపోయింది. చుట్టూ ఉన్న చుట్లలో అందరూ ఆగిపోయారు. లోహిత కూడా నడవడం మానేసి చూస్తోంది.

ముందు ఆయనే నోరు తెరిచాడు.

"ఎక్కే బండికి..."

మిగతాది రాలేదు. ధరణే అందించింది. "దిగే బండి దారియ్యాల, నాయనా."

ఆయన భుజం మీంచి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "వెనక్కి పోండమ్మా. బండి ఎక్కుతాంది."

పక్కకు తిరిగితే సరిపోయేది. ఆ మాట ఆయనకు ఎవరు చెబుతారు? నేను వెనక్కి నడిచాను. నా వెనక అక్కమ్మ, "అయ్యో, కాలు జారతాది మే" అంటూ తనూ వెనక్కే నడిచింది. ఆయన రివర్సులో వస్తున్నాడు, మలుపు మలుపుకీ తల తిప్పి చూసుకుంటూ, ఒక చెయ్యి ముందుకు చాపి కూతుర్ని పిలుస్తూ.

"రానీ... రానీ... ఎడమ పక్క రాయి సూసుకో... తొందర్లేదు, రానీ..."

అలా ముగ్గురం నడుమ దాకా వెళ్ళి బండకు అతుక్కుపోయి నిలబడ్డాం. ధరణి వచ్చి తండ్రి ఎదుట ఆగింది. ధ్యానం గురించి ఇంక ఎవరికీ పట్టలేదు.

"రేపు ఎన్నింటికి?"

"పొద్దున్నే, నాయనా."

"కడుపునిండా తినొద్దు. నిద్దరొస్తాది. దిగేటప్పుడు..." అని ఆగాడు. "దిగేటప్పుడు గూడా సిన్న గేరే. బ్రేకు మీదనే ఆధారపడొద్దు."

"సరే నాయనా."

కొండ వైపు చూశాడు. మబ్బు ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ కూతుర్ని చూశాడు. బస్సు పక్క రేకును కండక్టరు కొట్టినట్టు అరచేత్తో బండ మీద చరిచాడు.

"రైట్... రైట్!"

ధరణి కళ్ళు తుడుచుకుని, తిరిగి బయటికి నడిచింది. మలుపు తర్వాత మలుపు తిరుగుతూ ఆ పిల్ల దూరమయ్యేదాకా ఆయన బండను చరుస్తూ రైట్ రైట్ అంటూనే ఉన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. కుడిపాదం మాత్రం నేలను గట్టిగా నొక్కే ఉంది.