పూణేకి చెప్పాల్సిన మూడు వాక్యాలు

కరోనా మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి, అక్కణ్ణించి చెత్తబుట్టలోకి దిగిపోయిన ఏడాది అది. తమిళనాడులో, మా రాజపాళయంలో తెన్‌కాశి రోడ్డు మీద, ఒక మొబైల్ రిపేరు కొట్టు మేడపైన నేను స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు నడిపేవాణ్ణి. ఒకే గది, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగే ఫ్యాను ఒకటి, తిరగని ఫ్యాను ఒకటి. మిల్లు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు వచ్చేవారు. మూడో వారంలో పర్‌ఫెక్ట్ టెన్సులు మొదలుపెట్టగానే సగంమందికి ఇళ్ళల్లో ఉన్నట్టుండి పెళ్ళిళ్ళు వచ్చిపడేవి.

నిజానికి వాటిలో అంత భయపడాల్సిందేమీ లేదు. నిన్న పొద్దున దోసె తిన్న సంగతి చెప్పాలంటే "ఐ ఏట్". ఇప్పుడు కడుపు నిండుగా ఉంది, ఇంకో దోసె వెయ్యొద్దు అని తెలియజేయాలంటే "ఐ హ్యావ్ ఈటెన్". ఈ రెండోది ప్రెజెంట్ పర్‌ఫెక్ట్. పని అయిపోయినా దాని ఫలితం ఇంకా మన ముందే ఉందన్నమాట.

పెళ్ళిళ్ళు వచ్చిపడిన ఆ వారంలోనే గురుసామి మామ చేరాడు. మా పక్కూరు సేత్తూరు రైతు. అరవై దాటాయి. మా ఊరి పేరే పెట్టుకున్న తెల్లటి వేటకుక్కలు ఉన్నాయి కదా, వాటిని ఇంట్లో పెంచి పిల్లల్ని అమ్ముతాడు. బస్సు దిగి, మెట్లెక్కి, ఆయాసం తీరకముందే షరతు పెట్టాడు.

"వాద్యారే, నాకు ఇంగ్లీషు అంతా వద్దు. కొంజం చాలు. ఫోన్‌లో పది నిమిషం మాట్లాడేంత."

"ఎవరితో మామా?"

"పూణేలో ఒక అమ్మతో. ఆయమ్మకు మన తెలుగూ రాదు, తమిళమూ రాదు. మా మల్లిని తీసుకోని పోయింది."

మల్లి ఏడాది వయసున్న ఆడకుక్క. పూణే వెళ్ళి రెండు నెలలైంది. పిలిస్తే పలకదు, చెప్పిన మాట వినదు, దీనికి పొగరు అని ఆవిడ, కుక్కని అమ్మిపెట్టిన ఏజెంటుకు మెసేజ్ పెట్టింది. వచ్చే ఆదివారం దాన్ని ఎవరికో ఫారంహౌస్ కాపలాకి ఇచ్చేస్తుందట. అక్కడ పగలంతా గొలుసుతో కట్టేసి ఉంచుతారట. మామ చేరింది మంగళవారం. అంటే నాకున్నది ఐదు రోజులు. మామూలుగా ఐదు రోజుల్లో నేను "హౌ ఆర్ యూ" కూడా దాటను.

రోజూ నోటుబుక్కు తెరిచి వరసగా అడిగేవాడు.

"తిన్నదా అని అడగాలంటే?"

"హ్యాజ్ షీ ఈటెన్?"

"నిద్దరపోయిందా?"

"హ్యాజ్ షీ స్లెప్ట్?"

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివింది తమిళం కాబట్టి, అన్నీ తమిళ అక్షరాల్లో రాసుకునేవాడు. పక్క కుర్చీలో సెల్వి అనే నర్సు ఉండేది. మామ కూతురు అత్తారింట్లో తిండి మానేసిందనుకుని ఒకరోజు కళ్ళు ఒత్తుకుంది. కుక్క అని నేను చెప్పాక, ఒత్తుకున్న కళ్ళతోనే నన్ను చూసింది. ఆ చూపులో జాలి లేదు.

గురువారం క్లాసయ్యాక, "మామా, ఎందుకింత కష్టం? ఫోన్ ఇలా ఇవ్వండి, రెండు నిమిషాల్లో నేను మాట్లాడేస్తాను" అన్నాను.

ఆయన మిగతావాళ్ళు మెట్లు దిగేదాకా ఆగాడు.

"దానికి చెవులు వినపడవప్పా. పుట్టినప్పటినుంచే."

మా తెల్లకుక్కల్లో అప్పుడప్పుడూ అలాంటివి పుడతాయి. పెంచేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

"ఆ అమ్మకు చెప్పలేదా?"

"ఆయమ్మ అడగలా. నేను చెప్పలా. చెప్పింటే ఎవురు తీసుకుంటారు? మా ఇంట్లో కాలితో నేల తట్టితే వస్తాది. అట్లే అలవాటు చేసినాము. దూరం ఊరు కదా, ఎట్లనో బతికిపోతాది అనుకున్నాను. ఇప్పుడు దాన్ని పొగరుది అంటావుండారు. పొగరు దానిది కాదప్పా."

"సరే, ఇదే నేను చెబుతాను."

"తప్పు నాది, నోరు నీదా?"

సుద్దముక్క తీసుకున్నాను.

మూడు వాక్యాలు తయారు చేశాం. ఒకటి, షీ హ్యాజ్ నెవర్ హర్డ్ ఎనీథింగ్. పుట్టిన దగ్గర్నుంచి ఈ క్షణం వరకూ ఏమీ వినలేదు. రెండు, ఐ హ్యావ్ నాట్ టోల్డ్ యూ. ఇంతవరకూ మీకు చెప్పలేదు. మూడోది పాస్ట్ పర్‌ఫెక్ట్: ఐ హ్యాడ్ నోన్ ఇట్ బిఫోర్ యూ టుక్ హర్. మీరు తీసుకెళ్ళకముందే నాకు తెలుసు. జరిగిన దానికంటే కూడా ముందు జరిగినదాన్ని ఇలా చెబుతారు.

"మామా, ఈ మూడోది వదిలేద్దాం. మీకు తర్వాతే తెలిసిందని ఆవిడ అనుకుంటే మనకేం నష్టం? పరీక్షల్లో కూడా దీన్ని ఎవరూ రాయరు" అన్నాను.

ఆయన బోర్డు వైపే చూస్తూ, "అదే పెద్దగా రాయి" అన్నాడు.

శనివారం సాయంత్రం క్లాసంతా కూర్చుని ఉండగానే ఫోన్ చేశాడు. వెళ్ళిపొమ్మంటే ఎవరూ కదల్లేదు. పర్‌ఫెక్ట్ టెన్స్ రోజు పూర్తి హాజరు చూడటం నాకదే మొదటిసారి. మామ చెప్పులు విడిచి నిలబడ్డాడు. స్పీకర్‌లో "హలో" అని వినిపించింది.

నోటుబుక్కు చేతిలోనే ఉంది. దాన్ని తెరవకుండానే మొదలుపెట్టాడు.

"మేడమ్... మల్లి నో హియర్. బర్త్ నో హియర్. ఐ నో. బిఫోర్ ఐ నో. ఐ నో టెల్. మల్లి గుడ్. ఐ బ్యాడ్. సారీ మేడమ్."

ఐదు రోజుల చదువులో ఒక్క టెన్సూ మిగల్లేదు. దిద్దబోతూ నా వేలు దానంతటదే లేచింది. సెల్వి దాన్ని పట్టుకుని కిందికి దించింది.

ఆవిడ, ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది అంది ఇంగ్లీషులో. కోపంగానే అంది. మామకి మాటలు అర్థం కాకపోయినా కోపం అర్థమై, తల ఊపాడు. ఫోన్‌లో తల ఊపితే కనబడదని చెప్పడానికి అది సమయం కాదు.

మళ్ళీ ఆవిడే అడిగింది: "హౌ డూ యూ కాల్ హర్?"

నేను తెలుగులో చెప్పేలోపే మామకి అర్థమైంది. "మేడమ్, ఫుట్! ఫ్లోర్!" అంటూ కాలితో నేలను దబదబా తట్టాడు. కింద కొట్టులోంచి కేక వచ్చింది: "ఎవురప్పా పైన? సీలింగు నా నెత్తిన పడతాది!"

ఫోన్‌లో మెల్లగా రెండు చప్పుళ్ళు వినబడ్డాయి. "హార్డ్, మేడమ్, హార్డ్!" అన్నాడు మామ. ఈసారి గట్టిగా వినబడ్డాయి. తర్వాత ఏదో గోళ్ళు నేల మీద గీసుకుంటూ దగ్గరికొస్తున్న శబ్దం. ఆవిడ గొంతు మారిపోయింది.

"ఓహ్. షీ హ్యాజ్ కమ్. షీ హ్యాజ్ కమ్ టు మీ."

మామ నా వైపు తిరిగాడు. "ఏమంటాదప్పా?"

"వచ్చిందంట మామా. ఆవిడ దగ్గరికే వచ్చిందంట."

ఆయన కుర్చీలో కూలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటకే అని అందరం అనుకున్నాం. తిరగని ఫ్యాను ఆయన పైనే ఉంది మరి.

ఆదివారం మల్లి ఎక్కడికీ పోలేదు. సోమవారం నుంచి మామ క్లాసుకు రాలేదు. నా రిజిస్టరు ప్రకారం ఆయన మధ్యలో మానేసిన విద్యార్థి.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. మనిషి తన తప్పు చెప్పుకుంటున్నప్పుడు ఆ వాక్యాన్ని మధ్యలో దిద్దకూడదు. చివరిదాకా చెప్పనివ్వాలి. ఇప్పుడు నా క్లాసులో ఎవరైనా తడబడుతూ మొదలుపెడితే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాను. హెడ్మాస్టర్ పోజు అనుకుంటారు అందరూ. అనుకోనివ్వండి.