రేడియేటర్‌లో పసుపు

మా రోజుల్లో కారు చెడిపోతే ముందు కళ్లకు పని పడేది. ఈ కాలపు మెకానిక్కులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మా వాడి కారులో నీళ్లు కారుతున్నాయని తీసుకుపోతే, అతను బానెట్టు ఎత్తకముందే ఏదో తీగ తగిలించి, తెర చూసి, "రేడియేటర్ మార్చాలె" అన్నాడు. కారే చోటు వెతకాలన్న ఇంగితం ఉండొద్దా? (నేను బడిలో చదివింది తక్కువ. షెడ్డులో పడి ఉన్న చినిగిన పుస్తకాల్లో బొమ్మలు చూసి ఇంజను నేర్చుకున్నవాణ్ణి.) అయితే మీసం కొత్తగా వచ్చిన రోజుల్లో నేను చేసిన వైద్యం గుర్తొస్తే మాత్రం గొంతు కాస్త తగ్గుతుంది.

అప్పుడు నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగే కొత్త కార్మికుణ్ణి. కాసిపేటలో ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి కూడా బాయి మనిషే, మాట కరుకు. "ఆదివారం పొద్దుగూకేలోపు వచ్చి చూసుకోండ్రి. లేకుంటే కొత్తగూడెం సంబంధానికి మాటిస్త" అని కబురు పెట్టాడు. మా అక్క భర్త, అంటే మా బావ, తన పాత కారు తీశాడు. నేను తెల్లచొక్కా తొడుక్కుని దర్జాగా ముందు సీట్లో కూర్చున్నాను. గోదావరి వంతెన దాటామో లేదో ఇంజను ఆవిరి కక్కింది.

"నీళ్లు కారుతున్నయి బామ్మర్ది!"

"ముందుగాల ఇంజను ఆపు బావా. నడిచే మిషన్ జోలికి పోవద్దు."

బాయిలో మొదటి రోజు నుంచీ మాకు నూరిపోసిన నియమం అది. ఇంజను ఆపించి, చల్లారాక మూత తీసి, వంగి వెతికితే ఎక్కడా చుక్క కారడం లేదు. మడుగు మాత్రం రేడియేటర్ కిందే ఉంది. ఇంకేం, చిల్లు దానికే అని తేల్చేశాను. పసుపు పోస్తే చిల్లు పూడుతుందని లారీ డ్రైవర్లు అనుకోగా విన్నాను కనుక, కిరాణా కొట్టులో పొట్లాలు కొని పోసి, నీళ్లు నింపాను. కొంత దూరం పోగానే మళ్లీ ఆవిరి. మళ్లీ ఆపడం, వెతకడం, పసుపు పోయడం. ఆఖరిసారి తొందరలో, చల్లారిందనుకుని మూత తిప్పాను. ఒళ్లు కాలలేదు గాని, నెత్తి నుంచి బొడ్డు దాకా పచ్చటి నీళ్లు చిమ్మాయి.

పొద్దుగూకుతుండగా కాసిపేట చేరాం. పిల్ల తండ్రి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"ఏంది పిలగా, చూపులకే నలుగు పెట్టుకొని వచ్చినవ్?"

"తొవ్వల జర తక్లీఫ్ అయింది కాకా," అన్నాడు బావ.

"గీ కారునే సరిజేసుకోలేనోడు రేపు సంసారమేం జేస్తడు?" అన్నాడాయన. కొత్తగూడెం వాడు నా కళ్ల ముందు మెదిలాడు.

బావ రేడియేటర్‌కు నీళ్లడిగాడు. చాయ్ పళ్లెంతో రావలసిన పిల్ల బిందెతో వచ్చింది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ చెప్పిన తిప్పలన్నీ విని, "అన్నా, ఇంజను నడవనియ్యండ్రి. నడిచినప్పుడే గద కారేది?" అంది.

నాకు పౌరుషం వచ్చింది. "ఆపకుండ ఎట్ల చూస్తరు?"

ఆమె తండ్రి మొట్టమొదటిసారి నా పక్షం చేరాడు. "నిజమే బిడ్డా. నడిచే మిషన్ల చెయ్యి పెడ్తరా?"

"చెయ్యెవరు పెట్టుమన్నరు నాయినా? దూరంకెళ్లి చూడుమన్న."

బాయి మనుషులం ఇద్దరం రెండడుగులు వెనక్కి జరిగాం. బావ ఇంజను నడిపాడు. అది వేడెక్కగానే పైనున్న రబ్బరు పైపు అతుకు దగ్గర దారంలాగా నీళ్లు చిమ్మాయి. అవే జారి రేడియేటర్ కింద మడుగు కడుతున్నాయి. ఇంజను ఆపి చల్లారనిస్తే చిమ్మడం ఆగిపోయేది, నేనేమో అప్పుడు వెతికేవాణ్ణి! చల్లారాక పైపు పగిలిన కొసను కోసేసి, లోపలికి నెట్టి, క్లిప్పు బిగించాను. మళ్లీ ఇంజను నడిపి అందరం చేతులు వెనక్కి కట్టుకుని చూశాం. చుక్క కారలేదు.

"నేనైనా గట్లనే ఆపేటోన్ని," అని గొణిగాడు పిల్ల తండ్రి. తర్వాత ఆమెవైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

ఆమె బిందె ఎత్తుకుంటూ, "పసుపు ఎట్లనో అంటింది గద నాయినా, మళ్ల కడుగుడెందుకు?" అని లోపలికి పోయింది.

తిరుగుదారిలో ఊరొచ్చినప్పుడల్లా బావ కారు నెమ్మది చేసి, "బోరింగు కాడ ఆపుతున్న, మొఖం కడుక్కోరా," అన్నాడు. ఇల్లు చేరేదాకా నేను కడుక్కోలేదు. ఆ పచ్చమొఖం వెర్రివాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.