పైగది దెయ్యానికి దగ్గు పట్టుకుంది

ఎదురుగా దెయ్యమే వచ్చి నిలబడినా సరే, "ముందు భోంచేశావా అమ్మా?" అని అడిగే మనిషి కుశలంగారు. ఇది మాటవరసకు అంటున్నది కాదు. మూడేళ్ళపాటు ఆ దెయ్యాన్ని నేనే.

కాస్త వివరంగా చెప్పాలి. మా ఊరి చివర నూటపాతికేళ్ళనాటి మేడ ఒకటుంది. ఒకప్పుడు అది గడియారాల వ్యాపారిది. ఆయనకు పెళ్ళికాని అక్కగారు ఒకావిడ ఉండేదట. తమ్ముడితో ఏదో మాటా మాటా వచ్చి, పైగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఇక బతికినన్నాళ్ళూ కిందికి దిగలేదట. పోయాక కూడా దిగలేదని ఊరి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇప్పటి ఓనరుగారు టికెట్టు పెట్టి అమ్ముతున్నారు. రాత్రి ఎనిమిదింటికి దెయ్యాల వేట మొదలు. ఇద్దరికి ఒక టార్చిలైటు. గైడు పదీ పదిహేనుమందిని వెంటేసుకుని హాలు, భోజనాల గది, మెట్లు అన్నీ తిప్పి, చివరికి పైగది కిందకు తీసుకొచ్చి నిలబెడతాడు. అప్పుడు పైనుంచి చప్పుళ్ళు రావాలి. ఆ చప్పుళ్ళు నా ఉద్యోగం. అందుకు నాకిచ్చిన సామాను ఒక ఇనుప గొలుసు, ఒక చెక్క సుత్తి, తలుపు కిర్రుమనిపించడానికి ఒక తాడు, కూర్చోవడానికి ఒక కుర్చీ.

ఓనరుగారిది ఒకటే షరతు. గైడూ దెయ్యమూ ఒకరినొకరు చూసుకోకూడదు. గైడు కళ్ళలో నిజమైన భయం ఉంటేనే జనం భయపడతారని, దెయ్యం ఎవరో తెలిస్తే ఆ భయం కాస్తా పోతుందని ఆయన సిద్ధాంతం. అందుకని పైన ఎవరూ లేరని, ఆ చప్పుళ్ళేమిటో తనకూ తెలియదని గైడు కుశలంగారితో ప్రమాణం చేసినంత పని చేశారు. నేను ఏడింటికే వెనక ఇనుప మెట్ల మీదుగా ఎక్కి, అందరూ పోయాక అటునుంచి అటే దిగిపోయేదాన్ని. ఆ గది నేల చెక్కల్లో రెండు వేళ్ళు పట్టేంత సందు ఉంది. కుశలంగారిని నేను ఎరిగినదంతా ఆ సందులోంచే. ఆయన బట్టతల మీద ఎన్ని పుట్టుమచ్చలున్నాయో చెప్పగలను గానీ, ముఖాన మీసం ఉందో లేదో అడిగితే మాత్రం నోరు వెళ్ళబెట్టాల్సిందే.

మొదటిరోజే నా కొంప ముంచారు. గైడు "ఎవరక్కడ?" అని గంభీరంగా అరవాలి, నేను గొలుసు పడేయాలి. అదీ ఒప్పందం. నేను గొలుసు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన తల పైకెత్తకుండానే, పక్కింటి ఆవిడను పలకరించినట్టు, "భోంచేశావా అమ్మా?" అన్నారు. దెయ్యానికి ఇలాంటి ప్రశ్న వస్తే ఏం చేయాలో ఓనరుగారు నాకు చెప్పలేదు. కంగారులో సుత్తితో ఒకసారి కొట్టాను. కుశలంగారు జనం వైపు తిరిగి, ఒక దెబ్బంటే తిన్నట్టు, రెండు దెబ్బలంటే తిననట్టు, కాబట్టి ఆవిడ తిన్నది, మనం ఇక ముందుకు పోవచ్చని తేల్చేశారు. పోతూ పోతూ హాల్లో గడియారాల వ్యాపారి పటం దగ్గర ఆగి, నడుం నొప్పి తగ్గిందా అని ఆయన్నీ ఓ మాట అడిగారు.

ఈ జబ్బు ఆయనకు ఎక్కడ అంటుకుందో జనానికి చెబుతుండగా విన్నాను. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఒక ఆసుపత్రిలో లిఫ్టు నడిపారట. ఎక్కినవాడి కష్టమంతా నాలుగంతస్తుల లోపల విని, ఓదార్చి దింపేయాలి. ఆ అలవాటు ఈ మేడకూ పట్టుకొచ్చారు. చీకట్లో ఎవరైనా కెవ్వుమంటే, కడుపు ఖాళీగా ఉంటే భయం ఎక్కువేస్తుందని చెప్పి జేబులోంచి బిస్కెట్లు తీసేవారు. ఒకతను ఎర్రలైటు వెలిగే యంత్రమేదో తెచ్చి దెయ్యాన్ని కొలుస్తానని బయల్దేరితే, ఇంత రాత్రి వరకు బయట ఉంటున్నట్టు ఇంట్లో చెప్పి వచ్చావా అని నిలదీశారు. అతను యంత్రం పక్కన పెట్టి ఇంటికి ఫోన్ చేసుకున్నాడు. ఇంకోసారి ఒక భార్యాభర్తలు గొడవపడి ముఖాలు మాడ్చుకుని వచ్చారు. వాళ్ళ తగువు తీర్చడానికి భోజనాల గదిలో ఇరవై నిమిషాలు పంచాయితీ పెట్టారు. మిగతావాళ్ళంతా తలో సలహా ఇచ్చారు. నేను పైన గొలుసు ఎత్తి పట్టుకుని నిలబడి, చెయ్యి పీకుతున్నా దించలేక, ఆ మొగుణ్ణి తిట్టుకున్నాను.

అసలు ఈ దెయ్యం పనికి నేనెందుకు ఒప్పుకున్నానంటే, సాయంత్రాలు గడవక. పగలు నేను బట్టలు సరిచేసే దుకాణంలో కుడతాను. పొడవైతే కురచ చేయడం, బిగువైతే వదులు చేయడం. రోజంతా నాతో మనుషులు మాట్లాడేవన్నీ అంకెలే. నడుం ముప్ఫై రెండు, పొడవు నలభై, రేపు సాయంత్రానికి కావాలి. ఇంట్లో నేనూ మా అక్కా ఉండేవాళ్ళం. అక్క పోయాక ఇంటికి వెళ్ళి తాళం తీస్తే, పొద్దున నేను పెట్టిన చెంచా పెట్టిన చోటే ఉండేది. ఎవరూ కదపకపోతే వస్తువులు అంత బుద్ధిగా ఉంటాయని నాకప్పటిదాకా తెలియదు. ఉత్త ఇంట్లో కూర్చోవడం కన్నా, దెయ్యాల కొంపలో దెయ్యంగా కూర్చోవడం నయమనిపించింది.

ఒకరోజు నిజంగానే తినలేదు. వండుకోబుద్ధి కాలేదు. "భోంచేశావా అమ్మా?" అన్న మాట కిందినుంచి రాగానే చెయ్యి దానంతటదే రెండుసార్లు కొట్టింది. జనం వెళ్ళిపోయాక చూస్తే పైగది తలుపు ముందు మెట్టు మీద ఒక డబ్బా. విప్పితే ఒక మనిషికి సరిపడా భోజనం. దెయ్యం భోంచేయవచ్చా కూడదా అని ఒక్క నిమిషం ఆలోచించి, శుభ్రంగా తినేశాను. మర్నాడు కుశలంగారు ఖాళీ డబ్బా జనానికి చూపిస్తే, అందరూ దానికి ఫోటోలు తీసుకున్నారు. ఓనరుగారికి ఇది బ్రహ్మాండంగా నచ్చింది. అప్పటినుంచి ఎప్పుడు రెండుసార్లు కొడితే అప్పుడు డబ్బా వచ్చేది.

తర్వాత చలికాలంలో నాకు దగ్గు పట్టుకుంది. నోట్లో చీర చెంగు కుక్కుకున్నా ఆగలేదు. గొలుసు పడాల్సిన చోట దగ్గు పడింది. జనంలో ఒకావిడ నవ్వి, దెయ్యాలకి దగ్గేమిటండీ అంది. కుశలంగారికి కోపం వచ్చింది.

"ఎండ పొడ తగలని గదమ్మా అది. నూరేళ్ళుగా అందులోనే ఉంది. మీరైతే దగ్గరా?"

మర్నాడు మెట్టు మీద దగ్గుమందు సీసా. దానికి కట్టిన చీటీలో పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా అని రాసి ఉంది. ఆ తర్వాత నా మోకాలు మొరాయించింది. కుడికాలు ఈడుస్తూ నడుస్తుంటే చెక్కల మీద ఆ చప్పుడు కూడా కిందికి వినబడేది. ఇక రోజూ మూడు ప్రశ్నలు. భోజనం, దగ్గు, మోకాలు. భయపడదామని టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు, దెయ్యానికి ఏ నూనె రాస్తే మంచిదో చర్చించుకుంటూ వెళ్ళేవాళ్ళు.

పాపం, ఇంత వయసొచ్చినా దెయ్యాలున్నాయని నమ్ముతున్నారు, ఎంత అమాయకులో అని జాలిపడేదాన్ని. ఆయన నమ్మకం వమ్ము చేయకూడదని జ్వరంలో కూడా వెళ్ళి కూర్చున్న రాత్రులున్నాయి. ఇప్పుడు అనుకుంటే సిగ్గేస్తుంది గానీ, నేను వెళ్ళింది ఆయన కోసం కాదు. రోజు మొత్తంలో నేను తిన్నానో లేదో అడిగే నోరు అదొక్కటే.

అలాంటి సమయంలో ఓనరుగారు పిలిచి, స్పీకరు పెట్టిస్తున్నానని చెప్పారు. దానికి దగ్గు రాదట, మోకాళ్ళుండవట, గది కిందికి మనిషి రాగానే దానంతటదే ఏడుస్తుందట. ఏమీ అనుకోవద్దని, సోమవారం నుంచి రానక్కర్లేదని అన్నారు. కుశలంగారికి ఒక్క మాట చెప్పి పోదామంటే ఎలా చెప్పను? ఆయన లెక్కలో నేను చచ్చి నూరేళ్ళయింది.

మూడు సాయంత్రాలు ఇంట్లోనే ఉన్నాను. నాలుగో రోజు ఎనిమిది దాటాక గిన్నె తోముతూ, "తిన్నానండీ" అని పైకే అనేశాను. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. మేడలో మూడేళ్ళు దెయ్యంగా ఉన్నప్పుడు లేని భయం ఆ వంటగదిలో వేసింది. మర్నాడు వెళ్ళి టికెట్టు కొనుక్కున్నాను.

కుశలంగారికి మీసం ఉంది. తెల్లగా, ఒకవైపు కాస్త ఎక్కువగా కత్తిరించుకున్న మీసం. అందరినీ పేరుపేరునా పలకరించి, భోజనాలయ్యాయా అని అడిగి, జాగ్రత్తగా నడిపించారు. కానీ ఆయనలో మునుపటి హుషారు లేదు. వ్యాపారి నడుం సంగతి కూడా అడగలేదు. పైగది కిందకు రాగానే స్పీకరు గోలుగోలున ఏడుపు మొదలుపెట్టింది. ఆయన ఓపిగ్గా అది ఆగేదాకా ఉన్నారు.

"భోంచేశావా అమ్మా?" అన్నారు. పైనుంచి వికటంగా నవ్వు వచ్చింది. మోకాలు ఎలా ఉందని అడిగారు. ఏడుపు వచ్చింది. ఆయన టార్చి దించి జనం వైపు తిరిగారు.

"పైన ఉన్నది ఆవిడ కాదండీ. మూడేళ్ళుగా ఎరిగినవాణ్ణి, నాకు తెలియదా? అడిగినదానికి జవాబు చెప్పకుండా ఆవిడ ఒక్కరోజు లేదు. ఇది వేరే ఎవరో."

ఆ మేడలో మూడేళ్ళలో ఎవరూ సరిగ్గా భయపడి ఎరగరు. ఆ రాత్రి భయపడ్డారు. "ఆవిడ కాకపోతే మరెవరు?" అని ఎవరో సన్నగా అన్నారు. అంతే. పద్నాలుగుమంది, టార్చిలైట్లూ చెప్పులూ వదిలేసి, ఒకరిమీద ఒకరు పడుతూ మెట్లు దిగి వీధిలోకి పరుగు తీశారు. గేటు దగ్గర ఓనరుగారు ఆపబోతే ఆయన్ను కూడా తోసుకుపోయారు. నేనూ పరిగెత్తుదామనుకున్నాను గానీ మోకాలు ఒప్పుకోలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాను. వెనకనుంచి టార్చి వెలుగు నా కాళ్ళ ముందు పడింది.

"తొందరేం లేదమ్మా. కుడికాలు ముందు వేసి దిగండి. ఆ కుడి మోకాలికి ఈ మెట్లు మంచివి కావు."

నేను నిలబడిపోయాను. "మీకెలా తెలుసండీ?"

"మూడేళ్ళు నా నెత్తిమీదే నడిచారు కదమ్మా."

దెయ్యం కాదని ముందే తెలుసా అని అడిగాను. మొదటిరోజే తెలుసట. నేను కుర్చీ లాక్కుని కూర్చుంటూ "అబ్బా" అన్నానట. దెయ్యాలు అలా అనవని ఆయనకు అనిపించిందట. నా జాలి అంతా ఏమైపోయిందో తెలియలేదు. మరి తెలిసి తెలిసి రోజూ ఎందుకు అడిగేవారన్నాను.

"చీకట్లో ఒక మనిషిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి తలుపేశారు. పేరడిగితే మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. భోంచేశారా అని అడిగితే ఎవరికీ ఏం పోదు కదా."

మరి ఆ డబ్బాలు ఎక్కడివని అడిగాను. ఆయన మీసం సర్దుకున్నారు.

"దెయ్యాలకి వేరే వండుతారా అమ్మా ఎవరైనా? నాదే. ఉన్నది ఒక్కణ్ణి, ఒక పూట తినకపోతే అడిగేవాళ్ళెవరు?"

"నేనున్నాను కదా అన్నయ్యా," అన్నాను. ఆయన జనం వదిలేసిపోయిన చెప్పులన్నీ ఏరి, జతలు చూసి, గుమ్మంలో వరసగా పెట్టడం మొదలుపెట్టారు. నేనూ సాయం చేశాను. ఒక కుడిచెప్పుకి జత దొరకనే లేదు.

మర్నాడు పొద్దున్నే ఓనరుగారు దుకాణానికి వచ్చారు. పరిగెత్తినవాళ్ళు ఊరంతా చెప్పారట. ఆ వారానికి టికెట్లన్నీ అయిపోయాయట. కానీ వచ్చేవాళ్ళందరూ అడిగినదానికి జవాబు చెప్పే ఆ పాత దెయ్యమే కావాలంటున్నారట. స్పీకరు తీసేయించానని, దగ్గు వచ్చినా ఫర్వాలేదని, ఇవాళే వచ్చేయమని అన్నారు.

నేను గుండీ కుట్టడం ఆపకుండా, నాదొక షరతు అన్నాను. ఇకనుంచి గైడూ దెయ్యమూ ఆరున్నరకే కలిసి భోంచేసి మరీ పనిలోకి వెళ్తాం. ఆయన తల పట్టుకున్నారు. జనం ఎవరైనా చూస్తే పరువు పోదా అన్నారు. నన్ను ఎవరు గుర్తుపడతారండీ, ఇంతవరకు ఎవరూ చూస్తేగా అన్నాను. ఆలోచించి ఒప్పుకున్నారు.

మేడ ఎదురుగా చిన్న హోటలుంది. మాది కిటికీ పక్క బల్ల. కుశలంగారు వడ్డించేవాడి క్షేమం, వంటవాడి క్షేమం, పక్కబల్ల వాళ్ళ పిల్లల చదువులు అన్నీ కనుక్కుని గానీ ముద్ద నోట్లో పెట్టరు. అందుకని దెయ్యాల వేట ఇప్పుడు రోజూ పది నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది. ఆయన ఇంత నెమ్మదిగా తింటారని నాకు మూడేళ్ళు పైనుంచి చూసినా తెలియలేదు.