ఒంగోలు మనిషికి కారం లేని పప్పు

నోరు మండితేనే రుచి అని మీకు ఎవరు చెప్పారు? మీ నాలుక చెప్పిందా, మీ ఊరు చెప్పిందా?

శకునాలు, జాతకాలు బూటకమని ఊరూరా సభలు పెట్టి వాదించిన హేతువాదిని నేను. ఈ ప్రశ్న మాత్రం మా ఆవిడ నోట్లో గడ్డకు గుంటూరులో కరెంటు పెట్టించేదాకా నాకు తట్టలేదు. రేడియేషన్‌ను మావైపు అలాగే అంటారు. గడ్డ పోయింది. దాంతోపాటు నోటి లోపలి పొర కూడా పల్చబడింది. ఒక్క మిరప గింజ తగిలితే చాలు, కళ్ళ వెంట నీళ్ళు. మనిషి సగమైంది. “ఇష్టంగా ఏది తింటే అది పెట్టండి, ముందు బరువు పెరగాలి” అన్నాడు డాక్టరు.

ఆవిడకు ఇష్టమైంది హోటలు భోజనం. ఒంగోలు నుంచి గుంటూరుకు పరీక్షలకు బయల్దేరేటప్పుడల్లా పెరుగన్నం బాక్సు కడతానంటాను. ఒప్పుకోదు.

“బాక్సుతో పోతే ఆసుపత్రికి పోయినట్టుంటుంది. హోటల్లో తింటే ఊరికి పోయినట్టుంటుంది.”

ఖాళీ బాక్సు మళ్ళీ అలమరలో పెట్టేస్తాను.

మొన్న ఎండాకాలంలో చిలకలూరిపేట దాటాక ఒక హోటల్లో కూర్చున్నాం. పక్క పొలంలో మిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటుకే ఆవిడకు దగ్గొచ్చింది. అయినా విస్తరి ముందు కూర్చోగానే ఆవిడ మొహం కళకళలాడింది.

“కారం లేనిది ఏదైనా ఉందా అండీ?” అని వడ్డించే ఆయన్ని అడిగాను.

“బీరకాయ కూరండీ. చప్పగా ఉంటది.”

ముద్ద నోట్లో పెట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. మంచినీళ్ళ గ్లాసు అందించాను.

“ఏ ఊరండీ మీది?” అని పక్క బల్ల పెద్దమనిషి అడిగాడు.

“ఒంగోలు.”

“ఒంగోలు మనిషై ఉండి బీరకాయకే ఏడిస్తే ఎట్టాగమ్మా!” అన్నాడాయన. “నెయ్యి దండిగా పొయ్యవయ్యా, కారం చచ్చిపోద్ది!” బల్లలన్నీ నవ్వాయి. ఆవిడ కూడా నవ్వబోయింది.

జబ్బు సంగతి వడ్డించే ఆయన చెవిలో చెప్పాను. పాపం, ఆయన మొహం వాడిపోయింది. “ముందే చెప్పొద్దా సార్!” అంటూ లోపలికి పరిగెత్తి, గిన్నెలో పెరుగన్నం తానే కలిపి తెచ్చాడు.

“మా అమ్మకైనా ఇట్టాగే కలుపుతానమ్మా. నోటికి హితవుగా ఉంటదని నాలుగు చల్లమిరపకాయలు నలిపి వేశా.”

ఆయన ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. నేను వద్దనేలోగా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, బాగుందన్నట్టు తల ఊపింది. కన్నీళ్ళు విస్తట్లో పడుతున్నాయి. తన ఆప్యాయతకే కరిగిపోయిందనుకున్నాడో ఏమో, ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు. బాబాలతో వాదించాను గానీ, ఈయనతో ఏమని వాదించను?

చెయ్యి కడుక్కుని, గల్లా దగ్గర కూర్చున్న హోటలు యజమాని దగ్గరికి వెళ్ళాను. “పప్పులో పచ్చిమిరపకాయలు ఎప్పుడు వేస్తారండీ?”

“ఉడికేటప్పుడే వేస్తామండీ. అది లేకపోతే పప్పెట్టా అవుద్ది?”

“ఒక్క గిన్నెడు విడిగా ఉడికించి, ఉప్పేసి, జీలకర్ర పోపు పెట్టొచ్చుగా?”

“పెట్టొచ్చండీ. కానీ అడిగేవాళ్ళేరీ?”

అడిగేవాళ్ళుండరు. నోరు పుండైనవాళ్ళు, కడుపులో పుండున్నవాళ్ళు బాక్సులు కట్టుకుని కార్లలోనే తినేస్తారు. హోటలాయన కంటికి వాళ్ళు కనబడరు కాబట్టి, అలాంటివాళ్ళు లేరని ఆయన లెక్క. చూడనిదాన్ని లేదనుకోవడం హేతువాదమేమీ కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఇంకొకరితో మాట్లాడుతున్నాడు.

కారులో ఆవిడ పెదవులకు తడిగుడ్డ అద్దుకుంటూ అంది: “వచ్చేసారి ఆ పక్క హోటలు చూద్దాం. అక్కడ పప్పు బాగుంటుందేమో.”

సరేనన్నాను. అక్కడా ఇంతేనని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నోరు బాగున్న మీరు, ఈ దారిలో ఏ హోటల్లో కూర్చున్నా, విస్తరి వేయగానే “కారం లేని పప్పు ఉందా?” అని గట్టిగా అడగండి. లేదంటే ఎందుకు లేదని అడగండి. మీకు అక్కర్లేకపోయినా అడగండి. నవ్వితే నవ్వనివ్వండి.